అరవై ఒక్కమందికి ఒకే హెల్పర్

రెండూ యాభై ఐదుకి బటన్ నొక్కాను, ఇక నేను చేసేదేమీ లేదు, చూస్తూ కూర్చోవడం తప్ప. తెర మీద ఒక అంకె, దాని పక్కన ఆరువందల నలభై. మొదటి అంకె పాక్కుంటూ రెండోదాని దాకా వెళ్ళాలి, వెళ్ళినంతసేపూ పచ్చగా ఉండాలి, గంట దాటకూడదు. మా మేనేజర్ని అందరం గడియారం అంటాం, ఆయన ముందు కాదు. ఆయన ప్రతిదాన్నీ నిమిషాల్లోనే కొలుస్తాడు, ఎలా ఉన్నావ్ అని అడగాల్సిన చోట కూడా వచ్చి ఎంతసేపైంది అంటాడు. ఆ గడియారం నిన్న నా బల్ల పక్కన నిలబడి తేల్చేశాడు. గంటలోపు అయిపోయి అన్నీ పచ్చగా వస్తే మన టెస్టులు మనకుంటాయి, లేకపోతే రేపు నాలుగింటికి బయటి కంపెనీ వాళ్ళ రెడీమేడ్ టూల్‌కి సంతకం పెట్టేస్తాను, పాతదంతా తీసి అవతల పారేద్దాం అన్నాడు. పాతదంతా అంటే ఏడేళ్ళది. పాతదంతా అంటే మా ఆఫీసు అత్తయ్యది. రేపు అన్నది ఇవాళ అయింది, అంకె ఇరవై రెండు దగ్గరుంది, గోళ్ళు కొరుక్కోవడం మానేసి నాలుగేళ్ళయింది కాబట్టి పెన్ను మూత కొరుకుతున్నాను.

మేము చేసేది ఆసుపత్రి కౌంటర్లలో పేర్లు రాసుకునే సాఫ్ట్‌వేర్. కిటికీ అవతల మనిషి పేరు చెబుతాడు, ఇవతల గుమాస్తా కొడతాడు, ఆ మనిషికి ఒక నంబరు పుడుతుంది, ఇక అక్కణ్ణించి రక్తం, ఎక్స్‌రే, మందులు అన్నీ ఆ నంబరు వెంటే నడుస్తాయి. ఇందులో ఎక్కడ ఏ చిన్న మార్పు చేసినా మిగతాది చెడిందో లేదో మనిషి కూర్చుని అంతా నొక్కి చూడలేడు, అందుకని ఆ పని చేసే టెస్టులు రాసి పెట్టుకుంటాం. బాగుంటే పచ్చ, చెడితే ఎరుపు. ప్రతి టెస్టుకీ ముందుగా ఒక పేషెంటు కావాలి, ఉత్తుత్తి పేషెంటు, చిన్నప్పుడు నువ్వు డాక్టరు నేను జ్వరం అని ఆడుకున్నట్టు. ఆ ఉత్తుత్తి మనిషిని తయారుచేసి టెస్టు చేతిలో పెట్టే చిన్న కోడ్ ముక్కే హెల్పర్. ఎక్కడైనా ఇలాంటివి నాలుగో ఐదో ఉంటాయి. మా దగ్గర అరవై ఒకటి ఉండేవి. నిన్న సాయంత్రానికి ఒకటయ్యింది. మూడు వారాలు కూర్చుని నేనే చేశాను. రెండువేల నాలుగువందల వరసలు తీసేశారు, ముప్ఫై ఎనిమిది చేర్చారు అని మెషిన్ లెక్క చెప్పింది. చెప్పేటప్పుడు దాని గొంతులో ఏమీ లేదు, కానీ నాకు మాత్రం ఎవరో ఇల్లు ఖాళీ చేసి తాళాలు చేతిలో పెట్టినట్టుగా అనిపించింది.

ఎందుకంటే అత్తయ్య హెల్పర్లు హెల్పర్లలా ఉండేవి కాదు. మామూలుగా పేషెంట్ ఒకటి, పేషెంట్ రెండు అని పెడతారు. ఈవిడ మనవడి_ఫోన్_అమ్మమ్మ అని పెట్టింది. రెండు_ఇళ్ళ_మేస్త్రీ అని పెట్టింది, పాపం ఆయనకి నిజంగానే రెండు అడ్రసులు, ఏ అడ్రసుకి రిపోర్టు పంపాలో ఆయనకే తెలియాలి, తప్పు ఇంటికి వెళితే ఆ రోజు ఆయనకి జ్వరం కాదు సమస్య. పుట్టి_గంట_కాలేదు అనేది పేరింకా పెట్టని పసిగుడ్డు. పేరు_మార్చుకున్న_మేడమ్, పక్కింటాయన_తీసుకొచ్చినాయన, ఒకే_పేరు_కవలలు. ఒక్కొక్కటీ నలభై వరసలు, ఒకదాంట్లో ఉన్నదే ఇంకోదాంట్లో, ముప్పావు వంతు నకలు, ఎవరు చూసినా తల పట్టుకుంటారు. ప్రతిదాని నెత్తి మీదా కామెంటు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఈవిడకి ఫోన్ లేదు, మనవడిది ఇస్తుంది, ఆ మనవడు ఇంట్లో ముగ్గురికీ అదే ఇచ్చాడు, కోప్పడకండి. ఎవరు కోప్పడకూడదు, కంప్యూటరా, నేనా, ఇంకో ఇరవై ఏళ్ళకి ఇది చదివే ఎవరైనానా, ఏమో. కోప్పడకండి అని ముప్ఫై చోట్ల ఉంది. ఉండేది.

తొంభై ఆరు. పచ్చ.

మేం మొదట ఉన్న ఆఫీసు ఇది కాదు. ఈ అద్దాల గదులు, మెత్తటి నేల, మాట్లాడితే తిరిగి వినబడని గోడలు అప్పట్లో లేవు. ప్రింటింగ్ ప్రెస్సు మీద మూడో అంతస్తు, పొడుగాటి గది ఒకటే, కింద మెషిన్ మొదలైతే పైన మా బల్లలు వణికేవి. నా బల్ల కాలి కింద అత్తయ్య నాలుగు మడతల కాగితం పెట్టింది, అది ఎవరిదో రాజీనామా ఉత్తరం డ్రాఫ్టు అని చాలాకాలం తర్వాత తెలిసింది. నేను చేరిన రోజున నాకు ఇరవై రెండు, ఆవిడకి యాభై దాటింది. పదహారేళ్ళు ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్న మనిషి. కౌంటర్లో ఏం జరుగుతుందో మాకు చెప్పడానికని ఆరు నెలలకి పిలిస్తే, చెప్పడం అవ్వలేదు, ఉండిపోయింది. ఎవరు ఏది చేసి చూపించినా వంక పెట్టేది కాబట్టి కోడ్ రాసే అబ్బాయిలు అత్తయ్య అన్నారు, ఆవిడ ఏమీ అనుకోకుండా ఆ పేరే కప్పు మీద రాయించుకుంది. నన్ను చూపించి, నాకు కోడలు దొరికింది, ఇక మీకు సెలవు అంది. అలా నేను కోడలినయ్యాను. నాకు కోడింగ్ వచ్చు, మనుషులు తెలియదు. ఆవిడకి మనుషులు తెలుసు, కోడింగ్ రాదు. కాలేజీలో నేర్చుకున్నదంతా వారం రోజుల్లో కక్కేశాను ఆవిడ ముందు. మెథడ్ అంటే ఏమిటే అంటే ఒకసారి రాసి పెట్టుకుంటే మళ్ళీమళ్ళీ పిలవొచ్చు అన్నాను. పిలిస్తే వస్తారా అంది. వస్తారు అన్నాను. ఎన్నిసార్లు పిలిచినా అంది. ఎన్నిసార్లు పిలిచినా అన్నాను. కాసేపు తెరకేసి చూసి, మరి ఒక్కొక్కరినీ రాస్తాను ఆగు అంది. ఆ రోజు రాసిన మొదటి మనిషి మనవడి ఫోన్ అమ్మమ్మ. రెండు వేళ్ళతో కొట్టింది, నలభై వరసలకి మూడు గంటలు. అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, హమ్మయ్య, వచ్చింది ఈవిడ అంది, నిజంగానే తలుపు తోసుకుని ఎవరో వచ్చి కూర్చున్నట్టు.

అప్పుడే ఆపి ఉండాల్సింది. ఇలా కాదు అత్తయ్యా, ఇద్దరిలో ఉన్నదంతా ఒకచోట పెట్టి తేడా మాత్రమే వేరే రాయాలి అని చెప్పి ఉండాల్సింది. నాకు తెలుసు. నకలు కొట్టడం పాపమని కాలేజీలో మొదటి నెలలోనే చెప్పారు. కానీ ఆవిడ రాస్తుంటే పక్కన కూర్చుని వినడం బాగుండేది. రాస్తూ చెప్పేది, చెబుతూ రాసేది. కిటికీకి అవతల ఎవరు ఎలా నిలబడేవాళ్ళో, ఎవరు చేయి ముందు పెట్టేవాళ్ళో, ఎవరు పేరు అడిగితే ఊరు చెప్పేవాళ్ళో. కింద ప్రెస్సు ఆగిన గంటలో గది ఒక్కసారిగా నిశ్శబ్దమై ఆవిడ గొంతొక్కటే మిగిలేది. అలా ఒకరొకరుగా అరవై ఒక్కమంది చేరారు. చేరేకొద్దీ టెస్టుల రన్ బరువెక్కింది, ఇరవై నిమిషాలు, గంట, రెండు, చివరికి నాలుగున్నర గంటలు. అంతసేపు రోజూ ఎవరు ఆగుతారు, వారానికోసారి శనివారం నడిపేవాళ్ళం. సోమవారం వచ్చి చూస్తే ముప్ఫై ఎరుపులు. కొన్ని నిజం, చాలావరకు నెట్ నిదానించో మెషిన్ అలిసిపోయో. మెల్లగా చూడటం మానేశాం. అత్తయ్య సణుగుతోంది అనేవాళ్ళు అబ్బాయిలు ఎరుపుల్ని చూసి, ఆవిడ వెళ్ళిపోయాక కూడా. నేనూ నవ్వేదాన్ని.

ఆవిడ వెళ్ళింది పోయిన ఏడాది. కొత్త ఆఫీసుకొచ్చిన మూడో నెల. టెస్టింగ్‌లో మనుషుల్ని తగ్గిస్తున్నారంటే ముగ్గురిలో ఎవరిని పంపాలా అని గడియారం తల పట్టుకుంటే, ఈవిడే లేచి నన్ను పంపించవయ్యా, వాళ్ళిద్దరికీ ఇంకా పెళ్ళిళ్ళు కావాలి, కార్లు కొనుక్కోవాలి అందట. ఆ రోజు సాయంత్రం కుర్చీ మీది దిండు చంకలో పెట్టుకుని, కప్పు సంచిలో వేసుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. నేను కాల్‌లో ఉన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరికో ఏదో వివరిస్తున్నాను. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను. నిలబడింది. ఇంకో నిమిషం. నిలబడింది. తర్వాత నా భుజం మీద రెండుసార్లు తట్టి, వీళ్ళని చూస్తుండు అని తెరకేసి గడ్డం ఎత్తి చూపించి వెళ్ళిపోయింది. మ్యూట్ నొక్కి లేచి ఉంటే ఎంతసేపు పట్టేది. ఆ కాల్ దేని గురించో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురాదు, దిండు గళ్ళ గుడ్డ మాత్రం గుర్తుంది, నీలం మీద తెలుపు.

రెండువందల అరవై. ఇరవై నిమిషాలు. పచ్చ, పచ్చ, పచ్చ. ఇలాగే వెళితే నలభై తొమ్మిది నిమిషాలకి అయిపోతుంది. సంతోషంగా ఉండాలి నేను. ఫోన్ చేతిలో ఉంది, ఎప్పుడు తీశానో, ఆవిడ పేరు మీద వేలు ఎప్పుడు పెట్టానో. నాలుగోసారి మోగాక ఎత్తింది.

"ఏమే కోడలా, పనివేళ ఫోన్ చేశావంటే ఏదో తగలబెట్టావన్నమాట."

"తగలబెట్టలేదు అత్తయ్యా. ఊరికే చేశాను."

"ఊరికే చేసే మొహమా నీది. త్వరగా చెప్పు, ఇక్కడ కారు మధ్యలో ఆపి కూర్చున్నాం. ఈయన వెనక్కి చూస్తూ రివర్స్ చెయ్యమంటాడు, నేను చూడనంటాను. ఇద్దరం అలిగాం."

డ్రైవింగ్ నేర్చుకుంటోంది, ఈ వయసులో, నాకు తెలుసు, మూడో మాస్టారు ఈయన. వెనకనుంచి ఆ మాస్టారి గొంతు, అద్దాలు ఎందుకమ్మా ఇచ్చింది, బొట్టు చూసుకోవడానికా అంటున్నాడు. ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది.

"మీ మనుషుల్ని తీసేశాను" అన్నాను.

"ఎవరిని?"

"అరవై ఒక్కమందినీ. అందరికీ కలిపి ఒకే హెల్పర్ చేశాను. వయసు, ఫోను, అడ్రసు, ఏది కావాలంటే అది ఇస్తే చాలు, మనిషిని చేసి ఇస్తుంది. ఇవ్వనివి అదే నింపుకుంటుంది. చెయ్యకపోతే మొత్తం పారేస్తానన్నారు. ఇప్పుడు నడుస్తోంది."

టక్కుమని ఇండికేటర్ ఆపేసింది.

"మంచిపనేగా" అంది. "నాకు రాదు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో గది కట్టాను. నీకొచ్చు కాబట్టి హాలు కట్టావు."

"మీకేం అనిపించట్లేదా?"

"ఏమనిపించాలి, వాళ్ళేమన్నా నా పెళ్ళికొచ్చారా. అందరూ పడుతున్నారా అందులో?"

"పడుతున్నారు."

"ఇరుక్కోకుండా?"

"హాయిగా."

"అయితే ఇంకేం. ఉండు, ఈయన తలుపు తీసుకుని దిగిపోతున్నాడు. ఏవండోయ్ మాస్టారూ, చూస్తానండీ వెనక్కి, రండి." ఫోన్ పెట్టేసింది.

నేను ఆరోజు లేవలేదండీ, నిలబెట్టేశాను మిమ్మల్ని అని చెప్పాలనుకుని చేసిన ఫోన్ అని పెట్టేశాక తెలిసింది. దానికి బదులు హాలు గురించి చెప్పాను. మూడువందల ఇరవై. అందరూ పడుతున్నారా అంది. పడుతున్నారు అని ఎంత గట్టిగా చెప్పాను. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూశానా అంటే చూడలేదు, పచ్చని చూశాను, అంతే. చేసే పనేమీ లేదు కదా, ఇప్పుడు చూద్దాం అని మనసులోనే వరసగా పిలవడం మొదలెట్టాను, ఎన్నిసార్లు పిలిచినా వస్తారని చెప్పింది నేనే కదా. అమ్మమ్మ వచ్చింది. వయసు ఎనభై, ఫోన్ మనవడిది, ఇచ్చాను, పట్టింది. మేస్త్రీ వచ్చాడు, రెండు అడ్రసులు, హెల్పర్లో దానికి చోటుంది, పట్టాడు, రెండో అడ్రసు ఎవరికీ చెప్పకండి అన్నట్టు చూసి వెళ్ళాడు. పేరు లేని పసిగుడ్డుకి పేరు ఖాళీగా ఉంచే వీలు పెట్టాను, అది నేను మరిచిపోలేదు. కవలలు. మేడమ్. పక్కింటాయన. మాట రాక వేళ్ళతో వయసు చూపించే ఆయన, ఒకసారి నాలుగు వేళ్ళు చూపిస్తే గుమాస్తా నాలుగేళ్ళని రాసింది, ఆ గుమాస్తా తనేనని అత్తయ్య ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు లోపలికి వెళుతున్నారు. నలభై మంది అయ్యారేమో. అప్పుడు షుగర్_లేని_టైలర్ వచ్చాడు.

ఆయన మా నాన్న.

ఈ సంగతి ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. నేను చేరిన ఏడాది, భోజనాల దగ్గర, ఏదో మాటల్లో చెప్పాను అత్తయ్యకి. నాన్న టైలరు. ఆయన పుట్టినరోజు ఆయనకి తెలియదు, ఎవరూ రాసిపెట్టలేదు, వానలు పడుతున్నాయట, అంతవరకే తెలుసు. ఆసుపత్రిలో పేరు రాయించుకుంటుంటే పుట్టిన తేదీ అడిగారు. తెలియదన్నాడు. తెలియదంటే ఒప్పుకోదండీ కంప్యూటరు అంది కిటికీలో అమ్మాయి. మీకు నచ్చింది వేసుకోమ్మా అన్నాడు. జనవరి ఒకటి వేసింది. బయటికొచ్చి నాతో, ఇన్నేళ్ళకి నాకూ ఒక పుట్టినరోజొచ్చింది, అది కూడా ఊరంతా సెలవున్న రోజు అని మురిసిపోయాడు. మూడు రోజులకి రిపోర్టొచ్చింది, షుగరు ఆకాశంలో ఉంది. అమ్మ ఆ పూటనుంచే టీలో చక్కెర ఆపేసింది. నాన్న కుట్టు మెషిన్ దగ్గర కూర్చుని గ్లాసులోకి చూస్తూ, ఏం తప్పు చేశానే అనేవాడు, టీతోనో అమ్మతోనో తెలిసేది కాదు. మూడు రోజులు అలా నడిచాక తేలింది, అది నాన్న రిపోర్టు కాదు. అదే పేరున్న ఇంకొకాయన, ఆయనకీ తేదీ తెలియదు, ఆయనకీ జనవరి ఒకటి వేశారు, పేరూ తేదీ కలిశాయి కాబట్టి కంప్యూటరు ఇద్దరినీ ఒకే మనిషి చేసేసింది. ఇంట్లో అందరం పడిపడి నవ్వాం. అమ్మ ఆ రోజు టీలో మూడు చెంచాలు వేసింది. నాన్న మాత్రం రెండు గుక్కలు తాగి ఆగి, మరి ఆయన సంగతేంటి అన్నాడు. ఎవరి సంగతి అంటే, ఆ ఇంకొకాయన, నాకేం లేదనుకుని ఈ మూడు రోజులూ తీపి తింటూ కూర్చుని ఉంటాడు కదా అన్నాడు. ఎవరికీ అప్పటిదాకా తట్టలేదు.

నేను నవ్వుతూనే చెప్పాను ఇదంతా. అత్తయ్య నవ్వలేదు. గిన్నె మూత పెట్టి, అదే తప్పు నేను ఎన్నిసార్లు చేశానో అంది. మర్నాడు వచ్చేసరికి షుగర్_లేని_టైలర్ తెర మీద ఉన్నాడు, పక్కనే తీపి_తింటున్నాయన కూడా. ఇద్దరిదీ ఒకే పేరు, ఇద్దరికీ తేదీ తెలియదు, ఇద్దరూ ఒకటి కాకూడదు. అదీ టెస్టు. ఎర్రగా వచ్చింది. ఆ ఎరుపు పట్టుకుని నెలరోజులు అందరి బల్లల చుట్టూ తిరిగింది, తారీఖు పక్కన తెలియదు అనే గడి పెట్టించేదాకా, ఆ గడి నొక్కినవాళ్ళని తేదీ చూసి కలపకూడదని ఒప్పించేదాకా. గడి వచ్చిన రోజు నా దగ్గరికొచ్చి, మీ నాన్నకి చెప్పు, ఇక ఏ రోజూ పుట్టక్కర్లేదని అంది. చెప్పాను. నాన్న ఆ వారమే ఆవిడకి దిండు గలీబు కుట్టి పంపాడు, నీలం గళ్ళది. నాన్న పోయి నాలుగేళ్ళు.

ఆరువందల పన్నెండు. పచ్చ. టైలర్ని ఇంకా లోపలికి పంపలేదు నేను, గుమ్మంలోనే ఉన్నాడు. పేరు ఇచ్చాను. ఫోన్ ఇచ్చాను. తేదీ ఇవ్వలేదు, ఆయనకి లేదు కాబట్టి. ఇవ్వనివి అదే నింపుకుంటుంది. ఎంత గొప్పగా చెప్పుకున్నాను దాని గురించి, పోయినవారం అబ్బాయిలకి చూపించి, ఖాళీ కనబడితే ఊరుకోదురా, తోచిన తేదీ వేసేసుకుంటుంది, మనం ఏమీ ఇవ్వక్కర్లేదు అని. పేరుకి పెట్టాను ఖాళీ ఉంచే వీలు, పసిగుడ్డు గుర్తుండి. తేదీకి పెట్టలేదు. అంటే ఇప్పుడు ఆ టెస్టులో మా నాన్నకి ఏదో మార్చి పదిహేడు పడింది, ఇంకొకాయనకి ఏదో నవంబరు తొమ్మిది పడింది, ఇద్దరూ వేరువేరు రోజుల్లో శుభ్రంగా పుట్టారు, ఇక ఎవరు కలుపుతారు వాళ్ళని. పచ్చే మరి. ఆ పచ్చకి ఏ అర్థమూ లేదు. నచ్చింది వేసుకోమ్మా అంటే వేసేసిన కిటికీలో అమ్మాయికీ నాకూ తేడా ఏముంది. ఆ అమ్మాయి ముందన్నా పాతికమంది లైనుంది. నాన్నకి కొలతల పుస్తకం ఒకటుండేది, నాకు చదవడం వచ్చింది దాంతోనే, పొడుగు, చుట్టు, భుజం, చేయి. ఒకచోట ఖాళీ ఉంటే నేను చిన్నప్పుడు పెన్సిలుతో ఏదో అంకె నింపాను, ముచ్చటగా ఉంటుందని. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, రబ్బరు తెచ్చి చేతిలో పెట్టాడు. ఖాళీ ఉంటే మళ్ళీ కొలుస్తాను తల్లీ, అంకె ఉంటే కత్తిరించేస్తాను అన్నాడు.

ఆరువందల నలభై. మూడూ నలభై నాలుగు. నలభై తొమ్మిది నిమిషాలు, ఒక్క ఎరుపు లేదు. వెనక బల్లల నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో సాధించావే అన్నారు. నవ్వాను అనుకుంటాను.

ఇలా వదిలేస్తే ఎవరికీ తెలియదు. రెడీమేడ్ టూల్ రాదు, అత్తయ్య మనుషుల్లో అరవై మంది ఉంటారు, ఒక్కాయనే కదా, రేపు తీరిగ్గా పెట్టుకోవచ్చు. ఇది నిజంగా అనుకున్నాను, ఒక నిమిషం పాటు పూర్తిగా అనుకున్నాను. తర్వాత హెల్పర్ తెరిచి తేదీ దగ్గర ఒక్క వరస రాశాను, తెలియదు అంటే తెలియదనే ఉంచు, నింపకు. ఆ ఒక్క టెస్టునీ విడిగా నడిపాను. నలభై సెకన్లు. అదీ పచ్చగా వస్తుంది, గడి ఉంది కదా, అత్తయ్య పెట్టించిందే కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఎరుపు. దాని కింద చిన్న అక్షరాల్లో, ఇద్దరు ఉండాలి, ఒక్కరే ఉన్నారు.

ముందు నా వరసే తప్పనుకున్నాను. కాదు. పాత శనివారాల లిస్టులు తీశాను. ముప్ఫై నాలుగు ఎరుపుల్లో మూడోది ఇదే. దానికి ముందు వారం కూడా. ముందు వారం కూడా. తొమ్మిది వారాలు. తొమ్మిది వారాల కింద అబ్బాయిలు తారీఖుల కోడ్ శుభ్రం చేశారు, ఆ చేయడంలో తెలియదు అనే గడి బయటికి కనబడుతోంది కానీ లోపల మళ్ళీ జనవరి ఒకటి పడుతోంది. ఆ మార్పు సోమవారం కౌంటర్లకి వెళుతుంది. లిస్టులో ఆ మూడో వరస పక్కన ఎవరో రాశారు, పాతది, పట్టించుకోనక్కర్లేదు అని. ఎవరో ఏమిటి. నా పేరే ఉంది పక్కన. సోమవారం పొద్దున, టీ తాగుతూ, ముప్ఫై నాలుగింటికీ ఒకే మాట అంటించాను. తొమ్మిది వారాలు ఆవిడ సణగలేదు, పిలిచింది. నేను వేలు చూపించి ఒక్క నిమిషం అన్నాను.

మూడూ యాభై ఏడుకి గడియారం వచ్చాడు. మూడు నిమిషాలు ముందు వస్తాడు దేనికైనా. అద్దాల గదిలో టూల్ కంపెనీ ఆయన అప్పటికే కూర్చుని పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు.

"అంతా పచ్చేనా?"

ఎడమ తెర మీద ఆరువందల నలభై పచ్చగా ఉంది. కుడి తెర మీద ఒక్కటే ఉంది. కుడిదాన్ని మూసేయడానికి ఒక్క వేలు చాలు.

"పచ్చగానే వచ్చింది సర్. కానీ అందులో ఒకటి అబద్ధం, నేను చేసిన హెల్పర్ వల్ల. సరిచేస్తే ఇదిగో, ఎరుపు."

"ఒక్కటేగా. మీటింగ్ అయ్యాక చూసుకోలేవా?"

"సోమవారం కౌంటర్లకి వెళ్ళేదాంట్లో ఉందండీ ఇది."

ఆయన వంగి చదివాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చదివాడు. "ఇద్దరు ఉండాలి, ఒక్కరే ఉన్నారు. ఎవరు వీళ్ళు?"

"ఒకాయనకి షుగరుంది. ఒకాయనకి లేదు. కౌంటర్లో ఇద్దరినీ ఒకటి చేసేస్తాం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిది వారాల నుంచి చెబుతోంది. నేనే పక్కన పెట్టాను. నా పేరుంది, చూడండి."

చూశాడు. చేతి గడియారం మీదికి అలవాటుగా చెయ్యి వెళ్ళింది కానీ చూడకుండానే దించేశాడు. అద్దం అవతల ఆయన్ని ఒకసారి, నా తెరని ఒకసారి చూశాడు.

"ఆ టూల్ అయితే ఇది పట్టుకునేదా?"

లేదు అంటే సరిపోయేది. నాలుగూ రెండుకల్లా అన్నీ సర్దుకునేవి.

"పట్టుకుంటుంది సర్" అన్నాను. "ఈయన్ని ఎవరో ఒకరు తయారుచేసి దాని చేతిలో పెడితే."

గడియారం పక్క బల్ల వైపు తిరిగి, "సోమవారం ఆపండి, ఏమీ పంపొద్దు" అన్నాడు మామూలు గొంతుతోనే. నా వైపు తిరిగి, "నువ్వూ రా లోపలికి. ఆ పచ్చది వద్దు, ఇది చూపించు. ఆ మిగతా ముప్ఫై మూడూ కూడా చూశాక మాట్లాడదాం ఏది పారెయ్యాలో" అన్నాడు.

వైరు పీకి ల్యాప్‌టాప్ ఎత్తాను. బ్యాటరీ పాతది, మూత వేస్తే ఆరిపోతుంది. అందుకని తెరిచే పట్టుకున్నాను, రెండు చేతులా, వెలుగు నా వైపు పడేలా, ఎవరినో జాగ్రత్తగా నడిపించుకు వెళుతున్నట్టు, తలుపు మోచేత్తో తోసి లోపలికి వెళ్ళాను.